రెయిన్‌బో బోవా ఒంటి మీది వలయాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెంపుడు సరీసృపాల గురించి హైదరాబాద్ నగరం నలుమూలల నుంచి మాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం రెయిన్‌బో బోవాల గురించి, అందులోనూ వాటి రంగులు, మచ్చలు, మార్ఫుల (తరతరానికీ దిగే ప్రత్యేక రంగు, మచ్చల రకాల) పేర్ల గురించి కావడంతో ఈ శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ఇది విషం లేని పాము. దీని స్వస్థలం మధ్య, దక్షిణ అమెరికా. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. పెద్దదయ్యాక సాధారణంగా నాలుగు నుంచి ఆరు అడుగుల పొడవు పెరుగుతుంది. పాఠకుల పేర్లు ప్రచురించడం లేదు, ప్రాంతాలు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన ఆడ బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా ఒకటి ఉంది. మెడ నుంచి నడుము దాకా దాని వీపు మీది వలయాలు విడివిడిగా లేవు, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి గొలుసులా ఉన్నాయి. ఇది అరుదైన మార్ఫ్ అని చెప్పి అమ్మినవారు మామూలు ధరకు రెట్టింపు తీసుకున్నారు. ఇది నిజంగా మార్ఫేనా? దీనికి పుట్టే పిల్లలకు కూడా ఈ గొలుసు వస్తుందా? ఫొటోలు జతచేస్తున్నాను. (సైనిక్‌పురి)

జవాబు: ఒక్క పామును చూసి అది మార్ఫ్ అవునో కాదో తేల్చడం ఎవరి వల్లా కాదు. అమ్మినవారి వల్లా కాదు, మా వల్లా కాదు. ఒక లక్షణం ఒక తరం నుంచి మరో తరానికి ఒక పద్ధతి ప్రకారం దిగుతోందని జతకట్టించి, పిల్లల్ని లెక్కపెట్టి నిరూపించాకే ఆ మాట వాడడం సబబు. అయితే మీ ఫొటోల్లో కనబడుతున్నది ఏ కోవకు చెందినదో ఊహించడానికి కొన్ని ఆధారాలు ఉన్నాయి.

ముందు మామూలు పాము ఎలా ఉంటుందో చూద్దాం. బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా తల మీద మూడు నల్లటి గీతలు ముక్కు వైపు నుంచి మెడ వైపు సాగుతాయి. వీపు పొడవునా నల్లటి అంచు, నారింజ రంగు నడుమ ఉన్న వలయాలు వరుసగా ఉంటాయి. ఈ వరుస ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఉండదు: ఒకటి గుండ్రంగా ఉంటే పక్కది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మరొకటి వెన్నుకు ఒక పక్కకు జరిగి ఉంటుంది, అక్కడక్కడా రెండు వలయాలు అంటుకుని 8 అంకెలా కనబడతాయి. ఇక పక్కల మీద నల్లటి మచ్చల వరుస ఉంటుంది, ఒక్కో మచ్చ పైభాగంలో లేత నారింజ రంగు చంద్రవంక ఉంటుంది. వీపు వలయాల కన్నా ఈ చంద్రవంకలనే ముందు పరిశీలించమని మేము ఎప్పుడూ చెబుతాం. శరీరమంతటి మచ్చల అమరికను మార్చే జన్యువే అయితే, దాని ప్రభావం వీపు దగ్గర ఆగిపోకుండా చాలాసార్లు పక్కల మీద, తల గీతల్లో, తోక దాకా ఏదో ఒక రూపంలో కనబడుతుంది. మీ పాము పక్కల మచ్చలు ఎక్కడివక్కడ విడివిడిగా ఉన్నాయి, చంద్రవంకలన్నీ సవ్యంగా ఉన్నాయి, తల గీతలు మూడూ తెగకుండా సాగాయి, నడుము దాటాక వీపు వలయాలు కూడా మామూలుగానే విడిపోయాయి. దీన్నిబట్టి చూస్తే ఇది పిండదశలో కలిగిన చిన్న తేడా అయి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని మా అభిప్రాయం.

ఆ తేడా ఎలా వస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మార్ఫుల వ్యాపారంలో చెప్పకుండా వదిలేసే విషయం ఇదే. పిండం ఎదిగేటప్పుడు రంగు కణాలకు మూలమైన కణాలు నాడీ శిఖరం అనే భాగంలో పుట్టి చర్మం పొడవునా వలస వెళతాయి. నలుపు ఇచ్చేవి, పసుపు, ఎరుపు ఇచ్చేవి, కాంతిని తిప్పికొట్టేవి వేర్వేరు కణాలు. ఇవి ఒకదాన్నొకటి ఆకర్షిస్తూ, నెడుతూ స్థిరపడిన చోటుని బట్టి మచ్చ, వలయం, చార ఏర్పడతాయి. వేర్వేరు వేగాలతో వ్యాపించే రెండు రసాయనాల పరస్పర చర్య చాలు, ఏకరీతిగా ఉన్న కణజాలంలో కూడా చుక్కలూ చారలూ వాటంతట అవే పుట్టగలవని గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1952లోనే చూపించాడు. అలాంటి ప్రక్రియలో ఆరంభంలో వచ్చిన చిన్న మార్పు చివరికి రెండు వలయాలు కలవడానికో, ఒక వలయం తెగడానికో దారితీస్తుంది. అందుకే ఒకే తల్లి కడుపున ఒకే రోజు పుట్టిన పిల్లల్లో కూడా ఏ రెండింటి వీపూ ఒకలా ఉండదు.

తల్లి శరీర ఉష్ణోగ్రత కూడా ఇందులో భాగం పంచుకుంటుంది. రెయిన్‌బో బోవా దాదాపు ఐదు నెలలు పిల్లల్ని కడుపులో మోస్తుంది. ఆ కాలంలో, ముఖ్యంగా తొలి వారాల్లో తల్లి మరీ వేడికో మరీ చలికో గురైతే పిల్లల మచ్చల అమరిక చెదురుతుందని పాముల పెంపకంలో చాలాకాలంగా తెలిసిన సంగతే. అలా చెదిరినప్పుడు సాధారణంగా ఒక్క పిల్ల మాత్రమే కాక అదే ఈతలోని మరికొన్ని కూడా వింతగా ఉంటాయి, వాటితోపాటు వెన్ను వంకర ఉన్నవీ, చనిపోయి పుట్టినవీ కనబడతాయి. కాబట్టి అమ్మినవారిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఈ పాము గురించి కాదు, దాని తోబుట్టువుల గురించి. ఈతలో ఎన్ని పుట్టాయి, ఎన్ని బతికాయి, ఎన్నింటికి ఇలాంటి గొలుసు ఉంది, తల్లిదండ్రులు ఎలా ఉన్నాయి? ఈ ప్రశ్నలకు ఫొటోలతో సహా జవాబు ఇవ్వలేనివారు మార్ఫ్ పేరుతో అదనపు ధర అడగకూడదు.

పిల్లలకు వస్తుందా అన్న ప్రశ్నకు కచ్చితమైన సమాధానం కావాలంటే దారి ఒక్కటే. మీ పామును దానితో బంధుత్వం లేని మామూలు మగపాముతో జతకట్టించాలి. పిల్లల్లో సుమారు సగానికి గొలుసు వస్తే అది బహిర్గత లక్షణం (జన్యువు ఒక్క ప్రతి మారినా బయటికి కనబడేది) కావచ్చు. ఒక్కదానికీ రాకపోతే కథ అక్కడితో ముగియదు, ఎందుకంటే అంతర్గత లక్షణమైతే (రెండు ప్రతులూ మారితేనే కనబడేది) మొదటి తరంలో దాగే ఉంటుంది. ఆ పిల్లలు ఎదిగాక వాటిని మళ్లీ జతకట్టించి చూడాలి. ఈ పాములు ఈడుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది గనుక రెండు తరాల పరీక్షకు ఏడెనిమిదేళ్లు అవుతుంది. ఒక పేరుకు విలువ రావాలంటే అంత ఓపిక ఖర్చవుతుంది. వారం రోజుల పిల్లకు కొత్త పేరు పెట్టి అమ్మడానికి మాత్రం ఏ ఓపికా అక్కర్లేదు.

రెయిన్‌బో బోవాల్లో బాగా నిలదొక్కుకున్న మార్ఫులు ప్రధానంగా రంగుకు సంబంధించినవి. ఎరుపు వర్ణకం లోపించి బూడిద, నలుపు, తెలుపు ఛాయల్లో కనబడేదాన్ని ఎనెరీ అంటారు. నలుపు తగ్గి నారింజ పైకి వచ్చేదాన్ని హైపో అంటారు. ఈ రెండూ అంతర్గత లక్షణాలుగా సంక్రమిస్తాయి. మచ్చల అమరిక విషయంలో ఇంత స్పష్టంగా నిరూపితమైనవి తక్కువ. అక్కడ ఎక్కువగా జరిగేది ఎంపిక పెంపకం: వలయాలు శుభ్రంగా గుండ్రంగా ఉన్నవాటిని, లేదా నల్లటి అంచు సన్నగా ఉన్నవాటిని, లేదా ఎరుపు గాఢంగా ఉన్నవాటిని తరతరానికీ ఏరి జతకట్టిస్తారు. అలా వచ్చిన గుణం వెనక ఒక్క జన్యువు ఉండదు, అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి ఉంటాయి. దాన్ని వేరే వంశంతో కలిపితే పిల్లలు మధ్యస్థంగా ఉంటాయి తప్ప సగం ఇటూ సగం అటూ స్పష్టంగా విడిపోవు.

ఎంపిక పెంపకాన్ని మేము తప్పుపట్టడం లేదు. నిదానంగా, బయటి రక్తాన్ని మధ్యమధ్యలో కలుపుతూ చేసే పెంపకందారుల పాములు చూడముచ్చటగా, ఆరోగ్యంగా ఉంటాయి. కానీ మచ్చల కోసం అన్నాచెల్లెళ్లను, తల్లీకొడుకులను పదేపదే జతకట్టించడం చూస్తే బాధ కలుగుతుంది. ఈత చిన్నదవుతుంది, పిల్లలు తిండికి మొరాయిస్తాయి, వెన్ను వంకరలు పెరుగుతాయి. బాల్ పైథాన్లు అనే పెంపుడు కొండచిలువల్లో స్పైడర్ అనే మార్ఫ్ ఉంది. సన్నటి చారల వల్ల దానికి గిరాకీ ఎక్కువ. ఆ చారలతోపాటే తల వణుకు, దిక్కు తప్పడం కూడా వస్తాయని, దానికి లోపలి చెవి నిర్మాణంలోని లోపంతో సంబంధం ఉందని 2022లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. చర్మం మీది అందాన్ని ఎంచుకునేటప్పుడు పాము శరీరంలో ఇంకేం మారుతోందో చూడాలని ఆ ఉదాహరణ గట్టిగా చెబుతోంది. రెయిన్‌బో బోవాల్లో ఏ కొత్త మచ్చల మార్ఫ్ వచ్చినా ముందు దాని నడక, తల నిలకడ, ఎరను పట్టే తీరు చూడండి, ఆ తర్వాతే వీపు చూడండి.

ప్రశ్న: రెండూ మామూలుగానే కనబడే జత నా దగ్గర ఉంది. రెండూ హైపోకు హెట్ అని చెప్పారు. ఈ ఏడాది పుట్టిన పన్నెండు పిల్లల్లో ఒక్కటి కూడా హైపో కాదు. నేను మోసపోయానా? ఒక పాము పత్రం మీద అరవై ఆరు శాతం హెట్ అని రాసి ఉంది, దాని అర్థం కూడా చెప్పగలరు. (అత్తాపూర్)

జవాబు: హెట్ అంటే ఒక జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మాత్రమే మారినది, అంటే ఇంటర్ పుస్తకాల్లో మీరు చదివిన విషమయుగ్మజం. రెండు హెట్ పాములు జతకడితే ఒక్కో పిల్ల హైపో అయ్యే అవకాశం నాలుగింట ఒకటి, హెట్ అయ్యేది నాలుగింట రెండు, ఆ జన్యువు అసలే లేకపోయేది నాలుగింట ఒకటి. ఇది ప్రతి పిల్లకూ విడిగా వర్తించే అవకాశమే గానీ, పన్నెండులో మూడు తప్పక వస్తాయన్న హామీ కాదు. రెండూ నిజంగా హెట్లే అయినప్పటికీ పన్నెండు పిల్లల్లో ఒక్క హైపో కూడా రాకపోయే అవకాశం సుమారు 3 శాతం ఉంటుంది. అది తక్కువే, అనుమానించవలసినంత తక్కువ, కానీ అసాధ్యం కాదు. కాబట్టి మోసం జరిగిందని ఇప్పుడే తీర్మానించవద్దు. అవకాశం ఉంటే రెండింటిలో ఒకదాన్ని కంటికి కనబడే హైపోతో జతకట్టించి చూడండి. హెట్ అయితే పిల్లల్లో సగం హైపో కావాలి, పది పిల్లల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం వెయ్యింట ఒకటి కన్నా తక్కువ. అప్పుడు మీ అనుమానం దాదాపుగా తీరుతుంది.

అరవై ఆరు శాతం సంగతి కూడా ఇదే లెక్క నుంచి వచ్చింది. హెట్ల జతకు పుట్టిన పిల్లల్లో హైపోలను పక్కనపెడితే మిగిలినవన్నీ చూడడానికి ఒకలాగే ఉంటాయి, వాటిలో ప్రతి మూడింటికీ రెండు హెట్లు. ఏది ఏదో బయటికి తెలియదు గనుక ప్రతిదానికీ మూడింట రెండు వంతుల అవకాశం ఉందని రాస్తారు. ఆ పాములో హైపో జన్యువు మూడింట రెండు వంతులు ఉందని దాని అర్థం కాదు, ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు.

హైపో, ఎనెరీ రెండూ ఒకే పాములో కలిపి చూడాలని చాలామంది ఆశపడుతుంటారు. రెండింటికీ హెట్ అయిన జత నుంచి ఒక్కో పిల్లకు ఆ అవకాశం పదహారింట ఒకటి. పదహారు పిల్లలు పుట్టినా వాటిలో ఒక్కటి కూడా అలాంటిది లేకపోయే అవకాశం మూడింట ఒక వంతు కన్నా ఎక్కువే. మిగిలిన పిల్లలన్నిటికీ మంచి ఇళ్లు వెతికిపెట్టగల స్తోమత ఉంటేనే ఈ ప్రయత్నానికి దిగండి.

ప్రశ్న: నా రెయిన్‌బో బోవా పిల్లగా ఉన్నప్పుడు వలయాలు చాలా స్పష్టంగా ఉండేవి. ఇప్పుడు రెండేళ్లు దాటాక ఒళ్లంతా గోధుమ రంగుకు తిరిగి, వలయాలు మసకబారాయి. తిండి బాగానే తింటోంది. బ్రెజిలియన్ అని కొన్నాను. ఏదైనా జబ్బా? (కూకట్‌పల్లి)

జవాబు: జబ్బు కాదు. మీ దగ్గర ఉన్నది బహుశా కొలంబియన్ రెయిన్‌బో బోవా. పిల్లగా ఉన్నప్పుడు రెండూ చూసేవారిని తికమకపెడతాయి, పెరిగేకొద్దీ దారులు వేరవుతాయి. బ్రెజిలియన్ పిల్ల పుట్టినప్పుడు కాస్త బూడిద ఛాయతో ఉండి, మొదటి ఒకటి రెండేళ్లలో ఎరుపు, నారింజ గాఢపడతాయి. కొలంబియన్‌లో పుట్టుకతో ఉన్న స్పష్టమైన మచ్చలు క్రమంగా వెలిసిపోయి, పెద్దదయ్యాక కొన్నింటి వీపు దాదాపు ఏకరంగు గోధుమ వర్ణంలో కనబడుతుంది.

1758లో లిన్నేయస్ పేరు పెట్టినప్పటి నుంచి వీటన్నిటినీ చాలాకాలం ఒకే జాతిగా, ప్రాంతాన్ని బట్టి ఉపజాతులుగా చూశారు. 2008లో జరిగిన సమీక్షలో వీటిని ఐదు జాతులుగా విడదీశారు. అమెజాన్ పరీవాహకం, గయానా, సురినామ్ ప్రాంతాల్లో ఉండేది ఎపిక్రేటిస్ సెంక్రియా, దాన్నే మనం బ్రెజిలియన్ అంటున్నాం. పనామా, కొలంబియా, వెనిజులా, ట్రినిడాడ్ ప్రాంతాల్లో ఉండే కొలంబియన్ పేరు ఎపిక్రేటిస్ మారస్. అర్జెంటీనా, పరాగ్వే వైపు ఉండేవి, ఈశాన్య బ్రెజిల్ పొడి నేలల్లో ఉండేది మరో మూడు జాతులు. వ్యాపారంలో బ్రెజిలియన్ అన్న పేరు ఉన్నా, వన్యప్రాణుల వ్యాపారాన్ని బ్రెజిల్ 1967లోనే నిషేధించింది గనుక పెంపుడు వంశాల్లో చాలావాటి పూర్వీకులు సురినామ్, గయానాల నుంచి బయటికి వచ్చినవే.

మీ పాము విషయంలో మరో అవకాశాన్ని కొట్టిపారేయలేం. అది రెండు జాతుల సంకరం కావచ్చు. కొలంబియన్ దృఢంగా ఉంటుందని, బ్రెజిలియన్ ఎర్రగా ఉంటుందని, రెండింటినీ కలిపితే రెండు మంచి గుణాలూ వస్తాయని కొందరు జతకట్టిస్తారు. సంకర పిల్లల్లో వలయాల అంచులు అలికినట్టు, చంద్రవంకలు అసంపూర్ణంగా ఉండవచ్చు, ఒక్కోసారి అచ్చం బ్రెజిలియన్‌లానే ఉండి తర్వాతి తరంలో బయటపడవచ్చు. దీన్ని మేము గట్టిగా వ్యతిరేకిస్తాం. విడివిడిగా పరిణామం చెందిన జాతుల్ని మనం ఒక గాజుపెట్టెలో కలిపేస్తే ఆ వంశాన్ని తిరిగి విడదీయడం ఎవరి వల్లా కాదు, పైగా ఆ పిల్లలు చివరికి ఏదో ఒక జాతి పేరు మీదే అమ్ముడవుతాయి. డీఎన్‌ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు కదా అని మరికొందరు అడిగారు. మన అత్తాపూర్‌లోనే ఉన్న సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణి నేరాల కేసుల్లో జాతిని గుర్తించడంలో పేరున్న సంస్థ. అయితే జాతి గుర్తింపుకు విరివిగా వాడే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తల్లి బ్రెజిలియన్, తండ్రి కొలంబియన్ అయితే ఆ ఒక్క పరీక్షలో పిల్ల శుద్ధ బ్రెజిలియన్‌గానే తేలుతుంది. అందుకే తల్లిదండ్రుల రికార్డుకు ప్రత్యామ్నాయం లేదు. మీ పామును మాత్రం ఎప్పటిలాగే పెంచండి, జతకట్టించకండి.

ప్రశ్న: నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. రెయిన్‌బో బోవా ఎండలో నీలం, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మెరుస్తుంది. ఆ మెరుపును కూడా మార్ఫులా పెంచుకుంటూ పోవచ్చా? (నారాయణగూడ)

జవాబు: ఆ రంగులకు వర్ణకం లేదు. పొలుసు పైపొరలోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద కాంతి పడి, పరావర్తనం చెంది, కొన్ని తరంగాలు బలపడి కొన్ని అణగిపోవడం వల్ల అవి పుడతాయి. వాన వెలిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పరుచుకున్నప్పుడు కనబడే రంగుల్లాంటివే ఇవి, చూసే కోణం మారితే రంగు మారుతుంది. మన నెమలి పింఛంలోనూ రంగు నిర్మాణం వల్లే వస్తుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్కల నీలానికి కూడా నీలి వర్ణకం కారణం కాదు.

మీరు స్వయంగా చూడగలిగిన ఒక ఆధారం ఉంది. పాము విడిచిన కుబుసాన్ని ఆరనిచ్చి, కిటికీ దగ్గర నల్లటి కాగితం మీద పరిచి, నెమ్మదిగా వంచి చూడండి. ఎరుపు, నారింజల జాడ అందులో ఉండదు, వలయాల ఆకారం మాత్రం లేత బూడిద రంగులో కనబడుతుంది, పైన రంగుల ఛాయ పలచగా కదులుతుంది. నల్ల కాగితం ఎందుకంటే, కింద ముదురు రంగు ఉన్నప్పుడు మిగతా కాంతిని అది పీల్చేసుకుంటుంది, పైపొర మెరుపు తేటగా కనబడుతుంది. పాము ఒంటి మీద కూడా నల్లటి వలయాల అంచుల్లో, ఎనెరీల ముదురు వీపు మీద మెరుపు ఎక్కువగా కనబడడానికి కారణం ఇదే. హైపోలో నలుపు తగ్గుతుంది గనుక నారింజ వెలుగుతుంది, మెరుపు కొంత వెనక్కి తగ్గుతుంది. అంటే మెరుపు కోసం ప్రత్యేకంగా ఒక మార్ఫ్ వెతకనక్కర్లేదు, రంగు మార్ఫే దాన్ని పరోక్షంగా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఇక రోజువారీ మెరుపు తేమ మీద ఆధారపడుతుంది. కుబుసం ముక్కలుగా ఊడి, పాత పొర అక్కడక్కడా అంటుకుని ఉన్న పాము ఎంత గొప్ప వంశానిదైనా వెలవెలబోతుంది.

ప్రశ్న: ఒంటరిగా పెంచిన ఆడ కొలంబియన్ రెయిన్‌బో బోవా పిల్లల్ని కన్నదని విన్నాను. నిజమేనా? అయితే పిల్లల మచ్చలు తల్లివేనా? (మలక్‌పేట)

జవాబు: నిజమే. మగపాముతో జతకట్టని ఆడ కొలంబియన్ రెయిన్‌బో బోవా వరుసగా పిల్లల్ని కనడాన్ని జన్యు పరీక్షలతో నిర్ధారించి 2011లో ప్రచురించారు. పిల్లలకు జన్యువులన్నీ తల్లివే, కానీ అవి తల్లికి నకళ్లు కావు. చాలా జన్యువుల్లో రెండు ప్రతులూ ఒకేలా అయిపోతాయి గనుక తల్లిలో దాగిన అంతర్గత లక్షణం పిల్లలో బయటపడవచ్చు. ఇక మచ్చల అమరికలో పిండదశ తేడాలు ఎలాగూ ఉంటాయి గనుక వలయాలు తల్లివాటితో సరిపోవు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. హైపో రెయిన్‌బో బోవా కొనిపెట్టమని ఏడాదిగా అడుగుతున్నాడు. మార్ఫులు మామూలు పాముల కన్నా సున్నితమని ఎవరో అన్నారు. మన ఎండలకు తట్టుకుంటుందా? చట్టం ఒప్పుకుంటుందా? ఒక తల్లిగా నాకు భయంగా ఉంది. (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: అమ్మా, మీ భయం సహజమే, అందులో సగం తీర్చగలం. హైపో అయినంత మాత్రాన పెంపకంలో తేడా ఏమీ ఉండదు. బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా జాతే కొంత సున్నితమైనది. దానికి గాలిలో తేమ 75 శాతం పైన ఉండాలి, వేడి 30 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారుతుంది. ఈ రెండూ దానికి పడవు. అది ఉండే గదికి ఏసీ, కరెంటు పోతే ఆదుకోవడానికి ఇన్వర్టర్, పెట్టెలో తడి ఆరని నాచు, థర్మోస్టాట్ ఉండాల్సిందే. ఇవన్నీ ఏడాది పొడవునా చూసుకోగలడా, ఇరవై ఏళ్లు బతికే జీవిని ఉద్యోగం వచ్చాక ఎవరికి అప్పగిస్తాడు అని అబ్బాయిని ముందే అడగండి. వీటికి సరైన సమాధానం లేకపోతే ఎంత అందమైన వలయాలైనా కొనవద్దు.

చట్టం విషయానికి వస్తే, బోవాలు వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం అనుబంధాల్లో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో ఇవి ఆ చట్టంలో సైటీస్ జీవుల జాబితా అయిన నాలుగో షెడ్యూలు కిందకు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవి ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. కాబట్టి అమ్మేవారి పేరు మీద నమోదు ఉందా, బదిలీ మీ పేరు మీదకు జరుగుతుందా అన్నది డబ్బు ఇవ్వకముందే చూడండి. పత్రాలు తర్వాత ఇస్తామంటే వెనక్కి వచ్చేయండి. సందేహం ఉంటే రాష్ట్ర అటవీశాఖలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయాన్ని అడగవచ్చు. ఇంకో మాట: విదేశీ బోవా దొరకలేదని ఎవరైనా మన కొండచిలువనో, రెండు తలల పామునో చూపిస్తే అది నేరుగా నేరమే, అటువైపు చూడనే వద్దు.

ప్రశ్న: నమోదు కోసం, నా సొంత రికార్డు కోసం నా పాము వలయాల్ని ఫొటో తీసి ఉంచాలనుకుంటున్నాను. ఎలా తీయాలి? (మెహిదీపట్నం)

జవాబు: మంచి ఆలోచన. వీపు వలయాల అమరిక వయసుతో పెద్దగా మారదు గనుక, రంగు గాఢమైనా వెలిసినా, ఆ అమరికే పాముకు గుర్తింపుగా పనికొస్తుంది. కుబుసం విడిచిన రెండు మూడు రోజులకు, పగటిపూట, కిటికీ వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీయండి. ఫ్లాష్ వేస్తే మెరుపు పడి వలయం అంచు కనబడదు. రాత్రిపూట వీటి ఒంటి రంగు కాస్త తేలికపడుతుంది, అందుకని పగలు తీసినదాన్ని రాత్రి తీసినదానితో పోల్చకండి. కింద తెల్లటి గుడ్డ, పక్కన సెంటీమీటర్ల స్కేలు ఉంచి, తల పైనుంచి ఒకటి, వీపు మొత్తం ముక్కలు ముక్కలుగా నాలుగైదు, కుడి ఎడమ పక్కల చంద్రవంకలు విడివిడిగా తీయండి. తిన్న తర్వాత రెండు రోజుల పాటు దాన్ని పట్టుకోవద్దు, కక్కేస్తుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి తీసి, తేదీ, బరువు, తల్లిదండ్రుల వివరాలు అదే ఫైలులో రాసిపెట్టండి. రేపు ఆ పాముకు పిల్లలు పుట్టినప్పుడు వాటిని కొనేవారికి ఆ ఫైలు నకలు ఇవ్వండి.